ఉద్దానంలో ప్రియదర్శిని

విశాఖపట్నం నుంచి హౌరా వైపు పోయే రైల్లో నౌపడ దాటిన తరువాత కిటికీ పక్కన కూర్చున్నవారు నిద్రపోకూడదు. ఎడమ చేతివైపు దూరాన మహేంద్రగిరుల నీలినీడ కనబడుతుంది. కుడి చేతివైపు సముద్రం కంటికి కనబడదు గాని, దాని గాలి మాత్రం చెంపలకు తగులుతూనే ఉంటుంది. ఈ కొండలకూ ఆ కడలికీ నడుమ ఉన్న పచ్చని పట్టీ పేరే ఉద్దానం. ఉద్యానమనే సంస్కృత పదం జనం నాలుక మీద నలిగి నలిగి ఉద్దానమైంది. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం - ఈ 7 మండలాల ఇసుక నేలల తోటసీమ ఇది. కొబ్బరి, జీడిమామిడి, పనస ఒకదాని నీడలో మరొకటి పెరుగుతూ ఉంటాయి.

శ్రీకాకుళం జిల్లా అనగానే అరసవల్లి సూర్యదేవుణ్ణి, శ్రీకూర్మనాథుణ్ణి సేవించుకుని వెనుదిరిగేవారే ఎక్కువ. ఆ రెండూ చూడవలసినవే. కాని నేను ఈ వ్యాసంలో చెప్పబోయేది గుళ్లూ గోపురాల సంగతి కాదు. ఉద్దానంలోని ఒక పల్లెలో, ఒక ఇంటి వరండాలో, ప్లాస్టిక్ ఇటుకలతో పిల్లలు కట్టిన ద్వారక సంగతి. వినడానికి చిన్న విషయమే. కాని ఆ ద్వారకను చూసిన తరువాత ఉద్దానం నాకు కొంచెం ఎక్కువగా అర్థమైంది.

వజ్రపుకొత్తూరు మండలంలో మా తోడల్లుడిగారి ఊరు ఉన్నది. సంక్రాంతి సెలవులకు రమ్మని ఏటేటా పిలుపే గాని, వెళ్లడం పడేది కాదు. ఈసారి మా ఆవిడ ముందుగానే బస్సు టిక్కెట్లు కొనేసింది. పిల్లలకేమి తీసుకుపోవాలన్న మీమాంస వచ్చింది. మిఠాయి పొట్లాలైతే వాళ్ల ఇంట్లోనే పండుగ పిండివంటలు దండిగా ఉంటాయి. చివరకు ఒకదానికొకటి నొక్కి అతికించే బొమ్మ ఇటుకల డబ్బా ఒకటి కొన్నాము. వెయ్యి ముక్కలు. ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకునే శ్రీకాకుళంలో బస్సెక్కాను.

టెక్కలి సమీపిస్తుండగా నా ఒళ్లోని డబ్బా ఎంత చిన్నదో తెలిసివచ్చింది. రోడ్డు మీద లారీల బారు. ఒక్కొక్క లారీ మీద ఒకటో రెండో రాళ్లు. నాలుగు పక్కలా చదరంగా కోసిన, గదంత రాళ్లు! టెక్కలి నీలి గ్రానైటు రాయి దేశదేశాలకు పోతుంది. ఎవరో రాక్షసుల పిల్లలు ఆడుకుంటూ వదిలేసిన బొమ్మ ఇటుకల్లాగ ఉన్నాయవి. పక్క సీటులోని పెద్దాయన నా చూపు గమనించి, "మన కొండలే బావూ! ముక్కలై ఎల్పోతన్నాయి. ఏ దేశంలో ఏ మేడకి మెట్లౌతాయో!" అన్నాడు. ఆ మాటలో గర్వమున్నదో విచారమున్నదో తేల్చుకోలేకపోయాను. బహుశా రెండూ ఉన్నవి కాబోలు.

ఇంత రాయి ఉన్న ఊళ్లో ఆకాశమే కప్పుగా కూర్చున్న దేవుడొకడున్నాడు. టెక్కలికి దగ్గరలోని రావివలసలో ఎండల మల్లికార్జునస్వామిది పెద్ద లింగం. పైన కప్పు లేదు. ఎండా వానా ఆయన మీదనే. తనకు గుడి అక్కరలేదని ఆ స్వామే అన్నాడని చెబుతారు. ఆ పక్కనే తేలినీలాపురంలో గూళ్లు కట్టుకునే అతిథులు వేరే. చలికాలంలో పెలికన్లు, రంగురంగుల రెక్కల కొంగలు వచ్చి ఊరి చెట్ల మీద పుల్ల పుల్ల పేర్చి కాపురాలు పెడతాయి. మేము దిగి చూసినప్పుడు ఒక చెట్టు మీద పాతిక గూళ్ల దాకా ఉన్నవి. ఊరివాళ్లు వాటిని పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లాగ చూసుకుంటారు.

టెక్కలి నుంచి పలాస. పలాసకూ కాశీబుగ్గకూ మధ్య ఎల్ల ఎక్కడున్నదో పరాయివాడికి తెలియదు. రెండూ కలిసి ఒకే పురపాలక సంఘం. బస్సు దిగీ దిగగానే జీడిపిక్కలు కాలుతున్న వాసన పలకరిస్తుంది. ఇక్కడి వీధుల్లో జీడిపప్పు కర్మాగారాలు కొల్లలు. పిక్కను ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఒక్కొక్కటిగా కోసి, పప్పు విరగకుండా తీసి, మళ్లీ ఎండబెట్టి, పైపొర వలిచి, పరిమాణాల వారీగా ఏరాలి. ఈ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. పిక్కలోని జీడినూనె చేతులకు తగిలితే చర్మం కాలుతుంది. మనం అంగట్లో 'డబ్ల్యూ-320' అని చదివి కొనే పప్పుకు అర్థం, పౌను తూకానికి 300 నుంచి 320 గింజలు తూగుతాయని. అంకె తగ్గేకొద్దీ గింజ పెద్దది, ధర ఎక్కువ. ఎక్కడి బ్రెజిలు, ఎక్కడి పలాస! పోర్చుగీసువారు ఓడల మీద తెచ్చిన చెట్టు మన ఇసుకలో ఇంతగా వేళ్లూనింది.

పలాస నుంచి సముద్రం వైపు మళ్లితే ఉద్దానం మొదలవుతుంది. రోడ్డుకు రెండు పక్కలా కొబ్బరిచెట్లు. కాని కొంచెం నిదానించి చూస్తే ఒక విశేషం కనబడుతుంది. కొన్ని చెట్లు ఆకాశాన్నంటేవి, కొన్ని మనిషెత్తుకు రెండింతలవి. నడుమ వయసు చెట్లు తక్కువ. ఇందుకు కారణం 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాసకు దగ్గరలో తీరం దాటిన తిత్లీ తుపాను. తిత్లీ అంటే సీతాకోకచిలుక అని అర్థం. పేరుకు సీతాకోకచిలుకే గాని, ఒక్క పూటలో తాతల నాటి తోటలను నేలమట్టం చేసిపోయింది.

"ఆ రేత్రి చెట్లు ఇరిగిన సప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాది," అన్నారు మా వదినగారి మామగారు, మేము వెళ్లిన సాయంత్రం. డెబ్బయి దాటిన మనిషి. నేను కూడా ఆయన్ను మావయ్యగారనే పిలుస్తాను. నులకమంచం మీద కూర్చుని, ఎడమ చేతిని కండువా కింద దాచుకుని మాట్లాడుతారు. ఆ చేతి మీద డయాలిసిస్ కోసం చేసిన శస్త్రచికిత్స గుర్తులున్నాయి. వారానికి 3 సార్లు పలాస ప్రయాణం, ఒక్కొక్కసారి 4 గంటలు మంచం మీద. అడిగితే, "పాత సినిమా ఒకటిన్నర చూసినంత సేపు," అంటారు నవ్వుతూ.

పిల్లలు ముగ్గురు. పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి, నడిపివాడు ఆరు, చిన్నది ఒకటి. డబ్బా చూడగానే నడిపివాడు, "ఏటి చిన్నాన్నా, ఇందులో ఏటున్నాది?" అని నా చేతిలోంచి లాగేసుకున్నాడు. అయిదు నిముషాల్లో ముక్కలన్నీ చాప మీదకు వచ్చినవి. ఇల్లు కడదామని ఒకరు, ఓడ కడదామని ఒకరు. చివరకు సినిమాలోని ఒక ఘట్టం కట్టి, సెల్‌ఫోనుతో బొమ్మలు తీసి, వాటిని కదిలిద్దామని పెద్దమ్మాయి ప్రతిపాదించింది. ఏ సినిమా అన్నది పెద్ద తగవైంది. మంచం మీది నుంచి తాతగారు తీర్పు చెప్పారు: "మాయాబజారు." ఆయన దానిని చిన్నతనంలో, టూరింగు టాకీసులో, ఇసుక మీద కూర్చుని చూశారట. పిల్లలు 2010లో వచ్చిన రంగుల ప్రతిని టీవీలో ఎన్నోసార్లు చూసినవాళ్లే. తగవు తీరింది.

పాఠకులకు ఒక సంగతి జ్ఞాపకం చేయాలి. కె.వి. రెడ్డిగారి 'మాయాబజార్' 1957 మార్చి 27న విడుదలైంది. అందులో వెన్నెల్లో మెరిసే ద్వారకానగరం నిజానికి బొమ్మల నగరమే. కళాదర్శకులు గోఖలే, కళాధర్ గార్ల ఆధ్వర్యంలో, మద్రాసులో 50 అడుగులు, 60 అడుగుల జాగాలో 300 చిన్న చిన్న ఇళ్లు కట్టి, వాటికి దీపాలు పెట్టించారు. మార్కస్ బార్ట్లే కెమెరా దానిని మహానగరం చేసింది. లడ్డూలు వాటంతట అవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరివెళ్లే ఆ కాసేపటి వింత కోసం ఆయన 4 రోజులు శ్రమపడ్డాడు. అంటే మన పిల్లలు చేయబూనినది కొత్త పనేమీ కాదన్నమాట. పెద్దలు బొమ్మలతో చేసిన సినిమాను పిల్లలు మళ్లీ బొమ్మలలోకి తెస్తున్నారు.

చిత్రమేమిటంటే, ఈ బొమ్మ ఇటుకలకూ మాయాబజార్‌కూ వయసులో ఏడాది కూడా తేడా లేదు. డెన్మార్కులోని బిల్లుండ్ అనే ఊళ్లో లెగో అనే సంస్థ, పైన బొడిపెలూ లోపల గొట్టాలూ ఉండి గట్టిగా పట్టుకునే ఇటుకకు పేటెంటు కోరినది 1958 జనవరి 28న. ఎనిమిదేసి బొడిపెలున్న ఒకే రంగు ఇటుకలు 6 ఉంటే చాలు, వాటిని 91 కోట్లకు పైగా విధాల కూర్చవచ్చునని గణితజ్ఞులు లెక్కకట్టారు. 1973లో అదే డెన్మార్కులో ఇద్దరు బాలురు ఈ ఇటుకలతో చంద్రమండల యాత్రను చిత్రించారు. ఇటుకబొమ్మల సినిమాలలో మనకు తెలిసినంతలో మొదటిది అదే. ఇప్పుడు ప్రపంచమంతటా పిల్లలూ, పిల్లల కంటె పట్టుదలగా పెద్దలూ తమకిష్టమైన సినిమా ఘట్టాలను ఇలాగే కడుతున్నారు.

పిల్లలు ఎంచుకున్న ఘట్టం ప్రియదర్శిని. గుర్తున్నది గదా! మూత తెరిచి చూసినవారికి తమ మనసుకు అత్యంత ప్రియమైనది కనిపించే మాయపెట్టె. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతీదేవికి నగలు, కృష్ణుడికి శకుని కనిపిస్తారు. ఘటోత్కచుడి విందు కడదామని చిన్నది చాలా ఏడ్చింది. ఆమె కోసం ఘటోత్కచుణ్ణి కూడా ఒక స్తంభం చాటున నిలబెట్టారు. కథ ప్రకారం ఆయన అక్కడ లేడని తెలుగు మేష్టారిగా నేను మనవి చేయబోతే, మా ఆవిడ కళ్లతోనే వారించింది.

ద్వారక కట్టడానికి 3 రోజులు పట్టింది. లంబు జంబులకైతే ఒక్క మంత్రం చాలును. మనవాళ్లకు మంత్రాలు లేవు. స్తంభాలు, మెట్లు, సింహాసనం సులువుగా లేచినవి. చతురస్రం ముక్కలతో గుండ్రని గద, గుండ్రని కిరీటం చేయడమే గండమైంది. డబ్బాలో వచ్చిన మనుషులేమో ఒక పోలీసు, ఒక వైద్యుడు, ఒక వ్యోమగామి, ఇద్దరు కూలీలు. పోలీసు బలరాముడయ్యాడు. వ్యోమగామి ముఖానికి నీలిసిరా పూసి కృష్ణుణ్ణి చేశారు. శశిరేఖ జుట్టుకు కాటుక, చీరకు వదినగారి జాకెట్టు గుడ్డ పీలిక. నెమలి పింఛానికి కొబ్బరి ఈనె కొస చీల్చి రంగు వేశారు. వీధి ముగ్గులు వేసి వచ్చిన ఇరుగమ్మ పొరుగమ్మలు చూసి, "బొమ్మల కొలువు పెట్టినారేటి?" అని అడిగి, పేరంటానికొచ్చినట్టే కూర్చున్నారు.

పెట్టె మూత తెరుచుకోవడం చూపించాలంటే దానిని కొంచెం కొంచెంగా ఎత్తుతూ ఒక్కొక్క బొమ్మ తీయాలి. సినిమాలో క్షణానికి 24 బొమ్మలు. మన పిల్లలు 10 చాలునన్నారు. అయినా అర నిముషానికి 300 బొమ్మలు! వెన్నెల కోసం టార్చిలైటుకు నీలిరంగు కాగితం చుట్టారు. ఎవరూ తుమ్మకూడదు, తగలకూడదు. పిల్లి ఒకసారి ద్వారకలో ప్రవేశించి రేవతీదేవిని పడదోసింది. ఆ భాగం మళ్లీ తీశారు.

నాలుగు పాత్రల పనీ అయిన తరువాత నడిపివాడికి ఒక ఆలోచన తట్టింది. "మనింట్లోవోళ్లు సూస్తే పెట్టెలో ఏటి కనబడతాదో అదీ తీద్దుమప్పా!" అన్నాడు. అక్కడి నుంచి ఆట మారిపోయింది. చిన్నది తేలినీలాపురం కొంగ కావాలన్నది. నడిపివాడికి మోటారు సైకిలు. మా ఆవిడ తడుముకోకుండా, "నాకు రేవతమ్మ నగలే ఉంచండర్రా, మళ్లీ కట్టే శ్రమ తప్పుతుంది," అన్నది. వదినగారు మాత్రం కాసేపు ఆలోచించి, పెరట్లోని పనసచెట్టు అన్నారు. అత్తగారు నాటిన చెట్టట. తిత్లీలో వేళ్లతో సహా పడిపోయింది. ముగ్ధలా చూస్తున్న పొరుగింటి ఇల్లాలిని పిల్లలు, "నీకేటి పిన్నీ?" అని అడిగారు. ఆమె భర్త చేపలవేటకు గుజరాతులోని వెరావల్ వెళ్లాడు. ఈ తీరంలోని పల్లెల నుంచి ఏటేటా ఎందరో అలా వెళ్లేవారే. "రైలు కట్టండమ్మా," అన్నది ఆమె. "ఇటు వచ్చే రైలు."

ఇక మిగిలినది తాతగారు. ఆయన ముందు, "నాకేటీ వద్దురా," అన్నారు. పిల్లలు వదలలేదు. ఆయన తోట వైపు చూసి, నెమ్మదిగా, "ఓ బొండం కట్టండి. లేతది," అన్నారు.

వదినగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. నాకు వెంటనే తెలియలేదు. మా తోడల్లుడు చెప్పాడు. మూత్రపిండాలు పనిచేయనివారికి నీళ్లు కొలతగా తాగాలి. రోజంతటికీ ఇన్ని గ్లాసులని లెక్క. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. దానిని బయటకు పంపగల శక్తి ఆ శరీరానికి లేదు గనుక, అది గుండెకే ప్రమాదం. అంచేత బొండం పూర్తిగా నిషిద్ధం. వందల చెట్లు పెంచి, లారీలకు లారీలు కాయలు ఎగుమతి చేసిన మనిషి, ఇన్నేళ్లుగా తన తోటలోని బొండం ముట్టలేదు.

ఇది ఈ ఒక్క ఇంటి కథ అయితే నేను వ్రాయకపోదును. ఉద్దానంలో ఇటువంటి ఇళ్లు వీధి వీధినా ఉన్నవి. మూడు దశాబ్దాలుగా ఈ వ్యాధి ఇక్కడ తిష్ఠ వేసింది. మధుమేహం లేనివారికి, రక్తపోటు లేనివారికి కూడా వస్తున్నది. నీళ్లు పరీక్షించారు, నేల పరీక్షించారు, తిండి పరీక్షించారు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, అమెరికా ఖండం నడుమనున్న నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలోనూ పొలం పనిచేసేవారిని ఇటువంటి వ్యాధే పీడిస్తున్నది. 2023 డిసెంబరు 14న పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల ద్వారా ఉద్దానానికి తెచ్చే పథకం కూడా ఆనాడే ప్రారంభించారు. ఒకప్పుడు విశాఖ దాకా పోవలసిన మావయ్యగారు ఇప్పుడు పలాస వెళ్లి మధ్యాహ్నానికి తిరిగివస్తున్నారు. అది చిన్న మేలు కాదు.

పెద్దమ్మాయి ఏమీ మాట్లాడలేదు. ఆకుపచ్చ ఇటుకలన్నీ ఏరి ముందు వేసుకున్నది. చాలక, ద్వారక తోటలోని చెట్లు విప్పి ఆ ముక్కలు తీసుకున్నది. గుండ్రంగా రావాలని చాలా అవస్థపడ్డది. గొట్టం కోసం తెల్ల కడ్డీ ఒకటి గుచ్చింది. చివరకు తయారైనది నలుచదరపు బొండం. పెట్టెలో దానినుంచి, మూత కొంచెం కొంచెం ఎత్తుతూ 40 బొమ్మలు తీసింది.

ఆ రాత్రి సినిమా ప్రదర్శన. వరండాలో తెల్ల దుప్పటి కట్టి, సంక్రాంతి నాటకాలకు తెచ్చిన యంత్రమొకటి అడిగి తెచ్చి, దాని మీద వేశారు. వీధివీధంతా వచ్చింది. మొత్తం మూడు నిముషాలు కూడా లేదు. శశిరేఖ నడక కొంచెం పోలీసు కవాతులాగ ఉన్నది. అయినా అభిమన్యుడు కనబడగానే ఈలలు వేశారు. కొంగ రెక్క ఆడించినది. రైలు వచ్చింది. పొరుగింటి ఇల్లాలు రెండోసారి వేయమన్నది. అందరికంటె చివర తాతగారి బొండం పెట్టెలోంచి మెల్లగా పైకి లేచింది. ఎవరికీ చప్పుడు లేదు. ఆయనే ముందుగా పకాలున నవ్వి, "బాగున్నాదే అమ్మా! ఈ బొండం తాగితే డాక్టరుగారు కూడా ఏటీ అనలేరు!" అన్నారు. అప్పుడందరూ నవ్వారు.

మరునాడు ఉదయం ఆయన నన్ను తోటలోకి తీసుకుపోయారు. వెనుక వరండాలో పిల్లలు ద్వారకను విప్పి ముక్కలను డబ్బాలో వేస్తున్నారు. సాయంత్రానికి అవి మరొకటి కావచ్చును. తోట సంగతి అలా కాదు. పొడుగు రకం కొబ్బరి నాటితే కాపు పట్టడానికి ఆరేడేళ్లు పడుతుంది. తుపాను వెళ్లిన తరువాత, డయాలిసిస్ మొదలు కాకముందు, ఆయన స్వహస్తాలతో నాటిన మొక్కలు ఇప్పుడు మొదటి గెలలు వేస్తున్నవి. "ఇవి నా కోసం కాదు బావూ, నానెలాగా తాగను," అంటూనే, ఒక్కొక్క చెట్టు మొవ్వునూ తలెత్తి పరీక్షగా చూశారు. ఒక గెల కింద ఆగి, లేత కాయ చూసి దింపించి, నా చేతికిచ్చి తాగమన్నారు. తాగుతున్నంత సేపూ, "తీపున్నాదా? తీపున్నాదా?" అని అడుగుతూనే ఉన్నారు. ఉన్నదని చెప్పాను. నిజంగానే చాలా తియ్యగా ఉన్నది.

ఉద్దానం వెళ్లదలచినవారికి చలికాలం అనుకూలం. పలాస స్టేషనులో దిగితే బస్సులు, ఆటోలు దొరుకుతాయి. మందసలో వాసుదేవ పెరుమాళ్ల ఆలయం, బారువలో సముద్రతీరం, తేలినీలాపురంలో పక్షులు, తిరిగి వచ్చేటప్పుడు కాశీబుగ్గలో జీడిపప్పు - రెండు రోజులు హాయిగా గడిచిపోతాయి. దారి పొడుగునా బొండాలు కొట్టి ఇచ్చేవారుంటారు. తప్పక తాగండి. ఆ సొమ్ము తోటవాళ్లకు చేరుతుంది. కాని ఆ నీళ్లను కొంచెం నిదానంగా తాగండి.